పీపీ ఆఫీసులో దర్యాప్తు చేసే ఉద్యోగం మన దగ్గర ఉందా?

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. మాది చంద్రగిరి దగ్గర పల్లె. వయసు 26. ఎల్‌ఎల్‌బీ అయ్యాక తిరుపతి కోర్టుల్లో ఒక క్రిమినల్ లాయరు గారి దగ్గర రెండేళ్లుగా జూనియర్‌గా ఉన్నాను. వాదించడం కన్నా, అసలు ఏం జరిగిందో తవ్వి తీయడమే నాకు ఇష్టం. అమెరికాలో ఉన్న మా మేనమామ కొడుకు అక్కడి ఉద్యోగ ప్రకటన ఒకటి పంపాడు. పబ్లిక్ ప్రాసిక్యూటర్ (పీపీ) ఆఫీసులో సీనియర్ క్రిమినల్ ఇన్వెస్టిగేటర్ పోస్టు అది. చదువుతుంటే నాకోసమే రాసినట్టు అనిపించింది. మన దగ్గర అలాంటి పోస్టు ఉందా? లేకపోతే దానికి దగ్గరగా ఉండేది ఏది? హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరైన మా నాన్న ఎస్‌ఐ పరీక్ష రాయమంటున్నారు. అమ్మేమో ఆడపిల్లకు శవాలు, నేరస్థులు ఏంటి, రేపు పెళ్లి సంబంధాలు వస్తాయా అంటోంది. చాలా టెన్షన్‌గా ఉంది. దారి చూపించండి.
– ఒక జూనియర్ లాయర్, తిరుపతి జిల్లా

జవాబు:

అమ్మా,

ముందు సూటిగా చెప్పేస్తాను. ఆ పేరుతో, ఆ అధికారాలతో మన పబ్లిక్ ప్రాసిక్యూటర్ ఆఫీసుల్లో పోస్టు లేదు. తిరుపతిలో లేదు, చిత్తూరులో లేదు, అమరావతిలోనూ లేదు. కానీ ఆ ఉద్యోగి చేసే పని మన కోర్టుల్లో రోజూ అవసరపడుతోంది. చేసేవాళ్లు లేక మంచి కేసులు కూడా పోతున్నాయి. ప్రాసిక్యూషన్‌లో పనిచేసి వచ్చినదాన్ని కాబట్టి ఇది నన్ను బాగా బాధపెట్టే విషయం. అందుకే మీ ఉత్తరానికి కొంచెం పొడుగ్గానే జవాబు రాస్తున్నాను.

మీ బావ పంపిన ప్రకటనలో ఉన్నది ఏమిటో ముందు తెలుసుకోండి. అమెరికాలో జిల్లా స్థాయి ప్రాసిక్యూటర్‌ను డిస్ట్రిక్ట్ అటార్నీ అంటారు. చాలా రాష్ట్రాల్లో ప్రజలే ఓటు వేసి ఎన్నుకుంటారు. పెద్ద కౌంటీల్లో ఆ ఆఫీసుకు సొంత ఇన్వెస్టిగేటర్లు ఉంటారు. కాలిఫోర్నియాలోనైతే వాళ్లకు చట్టం పోలీసు అధికారాలే ఇచ్చింది. అరెస్టు చేయగలరు, వారెంటు తెచ్చి సోదా చేయగలరు. పోలీసులు కేసు కట్టి ఫైలు పంపాక వీళ్ల పని మొదలవుతుంది. ఊరు మారిన సాక్షిని వెతికి పట్టుకోవడం, పోలీసులు అడగని ప్రశ్నలు మళ్లీ వెళ్లి అడగడం, బ్యాంకు కాగితాలు తెప్పించడం, సమన్లు అందించడం, బెదిరింపులున్న సాక్షిని జాగ్రత్తగా కోర్టుకు తీసుకురావడం. ఆర్థిక మోసాలు, అధికారుల అవినీతి లాంటివి కొన్నిచోట్ల వీళ్లే మొదటి నుంచీ దర్యాప్తు చేస్తారు.

ఆ ఏర్పాటు వెనక ఒక మంచి కారణం ఉంది. ప్రాసిక్యూటరే ఒంటరిగా సాక్షితో మాట్లాడాడనుకోండి. ఆ సాక్షి రేపు బోనెక్కి మాట మార్చేస్తే, అప్పుడు ఏం చెప్పాడో కోర్టుకు ఎవరు చెప్పాలి? ఒకే కేసులో లాయరుగా వాదిస్తూ సాక్షిగా నిలబడటం కుదరదు. అందుకే పక్కన ఇన్వెస్టిగేటర్ ఉంటారు. అవసరమైతే ఆయన బోనెక్కుతారు. సీనియర్ అనే మాట ఊరికే రాదు. మామూలుగా అక్కడ పోలీసు డిటెక్టివ్‌గా కొన్నేళ్లు నలిగినవాళ్లనే ఈ పోస్టుల్లోకి తీసుకుంటారు. కాబట్టి ఇక్కడి లా డిగ్రీతో నేరుగా అక్కడికి అప్లై చేద్దామనే ఆలోచన ఉంటే మానుకోండి.

ఇక మన సంగతి. మన చట్టంలో దర్యాప్తు పూర్తిగా పోలీసుల చేతిలో ఉంటుంది. నేరస్థలానికి వెళ్లడం, సాక్షుల్ని విచారించడం, అరెస్టులు, సోదాలు, చివరికి ఛార్జిషీటు వేయాలా వద్దా అన్న నిర్ణయం, ఇవన్నీ దర్యాప్తులో భాగమేనని సుప్రీంకోర్టు 1954లోనే రిష్‌బుడ్ కేసులో చెప్పింది. 2000లో ఆర్. సరళ కేసులో ఇంకో అడుగు ముందుకు వేసి, ఛార్జిషీటు వేసే ముందు పీపీ అభిప్రాయం తీసుకోవాలని కోర్టు కూడా పోలీసుల్ని ఆదేశించకూడదంది. ఆ నిర్ణయం దర్యాప్తు అధికారి (ఐఓ)దే, పీపీది కాదు. ఈ తీర్పు మీరు ఇప్పటికే చదివి ఉండకపోతే ఈ వారమే చదవండి. మీరు కోరుకుంటున్న ఉద్యోగం మన దగ్గర ఎందుకు లేదో అందులో తెలుస్తుంది.

ఒకప్పుడు మన మెజిస్ట్రేట్ కోర్టుల్లో పోలీసు శాఖ మనుషులే ప్రాసిక్యూషన్ నడిపేవారు. కేసు కట్టేదీ వాళ్లే, నడిపేదీ వాళ్లే. అలాంటప్పుడు ఫైలులో లోపం ఉందని ఎవరు ఒప్పుకుంటారు? 1958లో లా కమిషన్ తన 14వ నివేదికలో ఇది మారాలని చెప్పింది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ల (ఏపీపీల) వ్యవస్థ వచ్చింది, పోలీసు అధికారిని ఏపీపీగా నియమించకూడదన్న నియమం వచ్చింది. ఆ తర్వాత కూడా కొన్ని రాష్ట్రాల్లో ఏపీపీలు పోలీసు శాఖ కిందే ఉండిపోతే, 1995లో షహానే కేసులో సుప్రీంకోర్టు వాళ్లను విడదీయమని చెప్పాల్సి వచ్చింది. 2005 సవరణతో, ప్రాసిక్యూటర్ల పనిని పర్యవేక్షించే డైరెక్టరేట్ ఆఫ్ ప్రాసిక్యూషన్ అనే మాట కోడ్‌లోకి ఎక్కింది.

ఈ విడదీయడం సరైనదేనని నా గట్టి నమ్మకం. పోలీసు చెప్పిందల్లా తలూపే ప్రాసిక్యూటర్ వల్ల అమాయకులు జైలుకు పోతారు. కానీ విడదీశాక రెండు శాఖల మధ్య పడిన ఖాళీని ఎవరూ పూడ్చలేదు. ఫైలు స్టేషన్ నుంచి కోర్టుకు వస్తుంది. ఐఓకి బదిలీ అవుతుంది. విచారణ ఎన్నో ఏళ్ల తర్వాత మొదలవుతుంది. అప్పటికి పీపీ చేతిలో ఉండేవి కాగితాలు మాత్రమే. 2015 నవంబరులో చిత్తూరు నగరపాలక సంస్థ ఆఫీసులో జరిగిన మేయర్ దంపతుల హత్య మన జిల్లాలో అందరికీ గుర్తుంది కదా. ఆ కేసులో కింది కోర్టు తీర్పు 2025 అక్టోబరులో వచ్చింది. రాష్ట్రమంతా చూసిన కేసుకే పదేళ్లు పట్టింది. ఇక ఎవరూ పట్టించుకోని కేసులో అన్నాళ్లు సాక్షిని ఎవరు కనిపెట్టుకుని ఉంటారు?

తిరుపతిలో ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. మీరు అక్కడే ఉన్నారు కాబట్టి మీకు తెలిసే ఉంటుంది. దొంగతనానికి గురయ్యేది దర్శనానికి వచ్చినవాళ్లు. సేలం నుంచో, కోలారు నుంచో, షోలాపూర్ నుంచో వచ్చి, నగ పోయిందనో, ఫోన్ పోయిందనో ఫిర్యాదు ఇచ్చి, మరుసటి రోజే బస్సెక్కి వెళ్లిపోతారు. కొన్నాళ్లకు దొంగ దొరుకుతాడు, సొత్తు కూడా దొరుకుతుంది. తీరా విచారణకు వచ్చేసరికి ఫిర్యాదుదారుడి ఫోన్ నంబర్ మారిపోయి ఉంటుంది. సమన్లు పట్టుకుని కోర్టు కానిస్టేబుల్ ఎన్ని రాష్ట్రాలు తిరగగలడు? వస్తువు తనదేనని చెప్పే మనిషి లేకపోతే కేసు నిలవదు. అమెరికాలో మీరు చూసిన ఆ సీనియర్ ఇన్వెస్టిగేటర్ ఇలాంటి చోటే ఎక్కువగా పనికొస్తాడు.

ఎర్రచందనం కేసులు మరో రకం. వాటికోసం తిరుపతిలో 2022లో ప్రత్యేక కోర్టులు తెరిచారు. అక్కడ సాక్షులు దాదాపు అందరూ అటవీ, పోలీసు సిబ్బందే కాబట్టి దొరకకపోవడమన్నది ఉండదు. కానీ బోనెక్కిన నలుగురూ ఒకే మాట ఒకే వరుసలో చెబితే డిఫెన్సు లాయరు ఊరుకోరు. ముద్దాయిలుగా దొరికేది ఎక్కువగా తమిళనాడు కొండ గ్రామాల కూలీలు. తెలుగు చదవడం రానివాడితో తెలుగులో రాసిన కాగితం మీద సంతకం పెట్టించారంటే, అది అతనికి తమిళంలో చదివి వినిపించినట్టు ఎక్కడైనా రాశారా? పట్టుకున్న దుంగకూ, కోర్టులో చూపిస్తున్న దుంగకూ నంబరు కలుస్తోందా? దుంగలు మోసిన బండి యజమాని ఎవరు, కూలీలకు డబ్బు పంపిందెవరు అన్నది తవ్వారా, లేక చెట్టు కొట్టినవాడి దగ్గరే ఆగిపోయారా? ఈ ప్రశ్నలు ఛార్జిషీటుకు ముందే అడిగేవాళ్లు ఉండాలి. విచారణలో అడిగితే అప్పటికి ఆలస్యమైపోతుంది.

ఇంకో మాట కూడా చెప్పాలి, తేలికైన మాట కాదు. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో పోలీసు కాల్పుల్లో తమిళనాడుకు చెందిన 20 మంది చనిపోయారు. పోలీసుల మీదే ఆరోపణ వచ్చినప్పుడు దర్యాప్తు ఎవరు చేయాలి? అమెరికాలో కొన్నిచోట్ల డిస్ట్రిక్ట్ అటార్నీ ఆఫీసు తన సొంత ఇన్వెస్టిగేటర్లతో చూస్తుంది. మన దగ్గర 2014లో పీయూసీఎల్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం సీఐడీ గానీ, వేరే స్టేషన్ పోలీసులు గానీ దర్యాప్తు చేయాలి, మెజిస్ట్రేట్ విచారణ కూడా జరగాలి. పోలీసుల మీద దర్యాప్తు మళ్లీ పోలీసులే చేయాల్సి రావడం నాకు ఎప్పుడూ వెలితిగానే కనిపించింది. ప్రాసిక్యూషన్‌కు చిన్నదైనా సొంత దర్యాప్తు విభాగం ఉండాలని నేను కోరుకునేది ఈ ఒక్క కారణంతోనైనా.

మీ రెండో ప్రశ్న, దానికి దగ్గరగా ఉండేది ఏది అని. నా సమాధానం ఏపీపీ. ఎస్‌ఐ కాదు. కారణం చెబుతాను, ఆ తర్వాత మీ నాన్నగారి మాట గురించి కూడా చెబుతాను.

పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 20వ సెక్షన్ తీసి నెమ్మదిగా చదవండి. ప్రతి జిల్లాలో డైరెక్టరేట్ ఆఫ్ ప్రాసిక్యూషన్ ఉండవచ్చని అందులో ఉంది. పదేళ్లు, అంతకు మించి శిక్ష పడే కేసుల్ని డైరెక్టర్ పర్యవేక్షించాలి. ఏడేళ్ల నుంచి పదేళ్లలోపు శిక్ష ఉన్న కేసుల్లో డిప్యూటీ డైరెక్టర్ పోలీసు రిపోర్టును పరిశీలించి, కేసు త్వరగా నడిచేలా చూడాలి. ఏడేళ్ల లోపువి అసిస్టెంట్ డైరెక్టర్ చూడాలి. పాత కోడ్‌లో ఇంత వివరం లేదు. దర్యాప్తు అధికారం ఇవ్వలేదు, నిజమే. కానీ పోలీసు రిపోర్టును తెరిచి ఇక్కడ ఖాళీ ఉంది అని చెప్పే బాధ్యత ప్రాసిక్యూషన్‌కు చట్టమే ఇచ్చింది. సరళ తీర్పు ఐఓని బలవంతపెట్టకూడదంటుంది. ఐఓ తనంతట తాను వచ్చి అడిగితే సలహా ఇవ్వొద్దని ఎక్కడా లేదు. మంచి ఐఓలు అడుగుతారు. ఫైలు పట్టుకుని సాయంత్రం పూట వచ్చి, మేడం, ఒకసారి చూడండి, రేపు 90వ రోజు అంటారు.

ఆ 90వ రోజు సంగతి మీకు తెలుసు. కస్టడీలో ఉన్న ముద్దాయి మీద నేరాన్ని బట్టి 60 లేదా 90 రోజుల్లో ఛార్జిషీటు పడకపోతే బెయిలు హక్కుగా వస్తుంది. ఆ కంగారులో ఫోరెన్సిక్ ల్యాబ్ (ఎఫ్‌ఎస్‌ఎల్) రిపోర్టు రాకుండానే ఫైలు కోర్టుకు వెళ్లిపోతుంది. నేను కోరుకునే ఏపీపీ ఆ చివరి రోజు దాకా ఆగకుండా ఒక నెల ముందే ఐఓకి ఫోన్ చేస్తారు. సీసీటీవీ ఫుటేజీ పెన్‌డ్రైవ్‌లో తెచ్చారు సరే, కొత్త సాక్ష్య చట్టం (సాక్ష్య అధినియం) 63వ సెక్షన్ సర్టిఫికెట్ ఉందా, అందులో హాష్ వాల్యూ (ఫైలు మారలేదని చూపే డిజిటల్ గుర్తు) రాశారా, రెండో భాగం మీద నిపుణుడి సంతకం ఉందా అని అడుగుతారు. సర్టిఫికెట్ తప్పనిసరి అని 2020లో అర్జున్ పండిత్‌రావ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. అది పాత చట్టం కింద వచ్చిన తీర్పు, కొత్త చట్టం షరతుల్ని ఇంకా పెంచింది. ఐఓని ఇరుకున పెట్టడానికి అడిగే ప్రశ్నలు కావివి. నాలుగేళ్ల తర్వాత క్రాస్ ఎగ్జామినేషన్‌లో వేరేవాళ్లు అడగబోయేవే ఇప్పుడు మనం అడుగుతున్నాం.

విచారణ మొదలయ్యాక ఖాళీ కనిపిస్తే? అదే సంహిత 193వ సెక్షన్‌లో కోర్టు అనుమతితో తదుపరి దర్యాప్తుకు దారి ఉంది, 90 రోజుల్లో ముగించాలి, అవసరమైతే కోర్టు గడువు పెంచవచ్చు. ఆ దరఖాస్తు వేయాలంటే ఫైలును ఐఓ కళ్లతో చదవగలిగే మనిషి ప్రాసిక్యూషన్‌లో ఉండాలి.

సాక్షుల విషయంలోనైతే ప్రాసిక్యూషన్ చేతిలో మీరు అనుకునేదానికన్నా ఎక్కువే ఉంది. 2018 డిసెంబరులో మహేందర్ చావ్లా కేసులో సుప్రీంకోర్టు సాక్షుల రక్షణ పథకాన్ని ఆమోదించింది. దాని ప్రకారం జిల్లా జడ్జి అధ్యక్షతన జిల్లాకొక కమిటీ ఉండాలి. పోలీసు అధిపతి సభ్యుడు, జిల్లా ప్రాసిక్యూషన్ అధిపతి సభ్య కార్యదర్శి. భయపడుతున్న సాక్షి దరఖాస్తు పెట్టుకుంటే డీఎస్పీ స్థాయి అధికారి ప్రమాదం ఎంతుందో నివేదిక ఇవ్వాలి. ఎంతమంది సాక్షులకు ఈ సంగతి తెలుసు? మీ కోర్టు వరండాలో నిలబడి అడిగి చూడండి. దూరప్రాంతపు సాక్షిని వీడియోలో విచారించడానికి కూడా కొత్త సంహిత 530వ సెక్షన్ వీలు కల్పిస్తోంది. షోలాపూర్ భక్తుడు తిరుపతి దాకా రాలేకపోతే కేసు వదులుకోవాల్సిన పని లేదు. కానీ ఎవరో ఒకరు ఆయన నంబరు కనుక్కుని, మాట్లాడి, దరఖాస్తు వేసి, తేదీ గుర్తుచేయాలి. ఆ ఎవరో ఒకరు మీరు కావచ్చు.

ఒక హద్దు మాత్రం దాటకండి. ఏపీపీ అయ్యాక ఉత్సాహం కొద్దీ సాక్షి ఇంటికి వెళ్లి మీరే విచారణ మొదలుపెట్టకూడదు. సాక్షికి అతని పాత వాంగ్మూలం గుర్తుచేయవచ్చు, కోర్టులో ఎలా ఉంటుందో చెప్పి ధైర్యం ఇవ్వవచ్చు. ఏం చెప్పాలో మాత్రం నేర్పకూడదు. ఫైలులో ముద్దాయికి మేలు చేసే కాగితం కనిపిస్తే దాన్ని దాచకూడదు. మీకు నిజం తవ్వడం ఇష్టం అని రాశారు. ఆ ఇష్టం ముద్దాయి పక్షాన నిజం ఉన్నప్పుడు కూడా ఉండాలి. అలా ఉండలేకపోతే ఈ ఉద్యోగంలోకి రావద్దని చెబుతాను.

మీ నాన్నగారి మాట. ఆయన తప్పు చెప్పలేదు. సొంతంగా దర్యాప్తు చేసే అధికారం కావాలంటే మన దేశంలో ఖాకీ వేసుకోవాల్సిందే. ఎస్‌ఐ పోస్టుకు వయసు సాధారణంగా 21 నుంచి 27, బీసీ, ఎస్సీ, ఎస్టీలకు ఐదేళ్ల సడలింపు. మీకు 26. సడలింపు వర్తించకపోతే మీ చేతిలో ఉన్న సమయం చాలా తక్కువ, కాబట్టి ఇది మూడేళ్లు ఆలోచించి తేల్చుకునే విషయం కాదు. దేహదారుఢ్య పరీక్షలు కూడా ఉంటాయి, రేపటి నుంచే పరుగు మొదలుపెట్టాలి. కానీ ఎస్‌ఐ అయ్యాక రోజంతా దర్యాప్తే ఉంటుందని అనుకోకండి. తిరుపతిలో బ్రహ్మోత్సవాల బందోబస్తు, వైకుంఠ ఏకాదశి రద్దీ, వీఐపీల రాకపోకలు, ర్యాలీలు, రాత్రి గస్తీ, వీటి మధ్యలో మిగిలిన సమయంలో కేస్ డైరీ రాయాలి. మీ నాన్నగారిని అడగండి, ఆయన సర్వీసులో ఐఓలు ఒక కేసు ఫైలుతో తీరిగ్గా కూర్చోవడం ఎన్నిసార్లు చూశారో. హత్యలాంటి పెద్ద కేసులు సీఐ చేతికి వెళ్తాయి. ఇవన్నీ తెలిసి కూడా మీకు ఆ యూనిఫాం కావాలనిపిస్తే తప్పకుండా రాయండి. లా చదివిన ఎస్‌ఐ ఒక స్టేషన్‌లో ఉంటే ఆ స్టేషన్ పంచనామాలు ఎంత బాగుంటాయో నేను చూశాను.

సీబీఐ, ఎన్‌ఐఏలలో ఎస్‌ఐ పోస్టులకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ గ్రాడ్యుయేట్ స్థాయి పరీక్ష ఉంది. దర్యాప్తు మాత్రమే చేయాలనుకునేవాళ్లకు అది స్టేషన్ కన్నా మేలు. దేశంలో ఎక్కడికైనా వెళ్లడానికి సిద్ధపడాలి, అంతే.

నేను ఏపీపీ అంటున్నది మీ ఉత్తరంలో ఒక్క వాక్యం చూసి. అసలు ఏం జరిగిందో తవ్వి తీయడం ఇష్టం అన్నారు. నేరస్థలం మీద మీకు ఆసక్తి ఉందో లేదో మీరు రాయలేదు. మీకు ఇష్టమైనది కాగితాల వెనక ఉన్న నిజం అనిపిస్తోంది. అది నిజమైతే మీ చోటు ప్రాసిక్యూషన్. నేను పొరబడి ఉంటే, మీ నాన్నగారిది సరైన దారి.

మన రాష్ట్రంలో ఏపీపీల భర్తీ పోలీసు నియామక మండలి చేస్తుంది. లా డిగ్రీతో పాటు క్రిమినల్ కోర్టుల్లో మూడేళ్ల ప్రాక్టీస్ అడుగుతారు. నోటిఫికేషన్లు ఏటా రావు, కొన్నేళ్లకొకటి వస్తాయి. వచ్చినప్పుడు మీకు ఆ మూడేళ్లు నిండి ఉండాలి. ఏపీపీగా మొదట మెజిస్ట్రేట్ కోర్టు. అక్కడ చిన్న కేసులే ఉంటాయని తక్కువగా చూడకండి. రోజుకు లెక్కలేనన్ని ఫైళ్లు చేతిలోంచి వెళ్తాయి, దర్యాప్తు ఎక్కడ చెడుతుందో పట్టుకోవడం అక్కడే అలవాటవుతుంది.

ఆ లోపు ఏం చేయాలి? నా సలహా మీకు కొంచెం ఆశ్చర్యంగా ఉండవచ్చు. చిత్తూరు జిల్లా న్యాయసేవాధికార సంస్థలో లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ వ్యవస్థ కింద అసిస్టెంట్ పోస్టులకు ప్రకటన వస్తే చూడండి. 2022లో జాతీయ న్యాయసేవాధికార సంస్థ తెచ్చిన పథకం అది. మూడేళ్ల లోపు ప్రాక్టీస్ ఉన్న మీలాంటివాళ్ల కోసమే ఆ అసిస్టెంట్ పోస్టు. గౌరవ వేతనం ఉంటుంది, ప్రైవేటు కేసులు చేయకూడదు. డబ్బులేని ముద్దాయి తరఫున నిలబడతారు. ప్రాసిక్యూటర్ కావాలనుకునే అమ్మాయికి డిఫెన్సు పని ఎందుకు అంటారేమో. దర్యాప్తులో పగులు ఎక్కడుందో డిఫెన్సు వైపు నుంచి చూసినంత స్పష్టంగా ఎక్కడి నుంచీ కనబడదు. పైగా తప్పుడు కేసులో ఇరుక్కున్న మనిషి కళ్లలోకి ఒకసారి చూశాక, రేపు మీరు ఏ ఫైలునూ తేలిగ్గా తీసుకోలేరు.

చదువు విషయంలో ఒక్కటే చెబుతాను. మీ తిరుపతి కోర్టుల్లో కొట్టేసిన కేసుల తీర్పులు చదవండి. ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. శిక్ష పడినవి కావు, ముద్దాయి విడుదలైనవే చదవండి. చివరి పేజీ నుంచి వెనక్కి రండి. జడ్జి గారు నమ్మలేదన్న సాక్ష్యం ఏది? ఆ సాక్ష్యం ఏ రోజు, ఎవరి చేతిలో చెడింది? ఎఫ్ఐఆర్ మెజిస్ట్రేటుకు ఆలస్యంగా చేరిందా? పంచనామాకు సాక్షులుగా పెట్టిన మధ్యవర్తులిద్దరూ పోలీసులకు అలవాటైన మనుషులా? పోలీసులు పాత కోడ్ 161వ సెక్షన్ కింద రాసుకున్న వాంగ్మూలాలన్నీ అక్షరం మారకుండా ఒకేలా ఉన్నాయా? కోర్టులో మాట మార్చిన (హాస్టైల్ అయిన) సాక్షిని ఛార్జిషీటు తర్వాత ఎవరైనా ఒక్కసారైనా పలకరించారా? ప్రతి తీర్పుకూ ఒక పేజీ నోట్సు రాసుకోండి. 2014లో కిషన్‌భాయ్ కేసులో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది ఇదే. కొట్టేసిన ప్రతి కేసునూ పోలీసు, ప్రాసిక్యూషన్ సీనియర్ అధికారుల కమిటీ పరిశీలించాలి, ఎక్కడ పొరపాటు జరిగిందో తేల్చి ఆ పాఠాన్ని శిక్షణలో చేర్చాలి అని. మీరు ఒక్కరే ఆ కమిటీ పని చేసుకుంటున్నట్టు అనుకోండి. ఇలాంటి నోట్సు ఒక వంద పోగయ్యాయంటే, ఏపీపీ ఇంటర్వ్యూకైనా, ఎస్‌ఐ శిక్షణకైనా మీరు అందరికన్నా ముందుంటారు.

తిరుపతిలో ప్రాంతీయ ఫోరెన్సిక్ ల్యాబ్ ఉంది. కోర్టుకు సాక్ష్యం చెప్పడానికి అక్కడి నిపుణులు వస్తుంటారు. వాళ్లు బోనులో ఉన్న రోజు మీ కేసు లేకపోయినా వెళ్లి కూర్చోండి. సీలు ఎలా ఉంది, పార్శిల్ ఎప్పుడు అందింది అని అడిగే రెండు ప్రశ్నల్లో కేసు మొత్తం ఎలా తిరిగిపోతుందో చూస్తారు.

ఇక అమ్మగారి భయం. ఆవిడను తప్పు పట్టకండి, భయపడటానికి కారణాలు లేకపోలేదు. కానీ ఆవిడకు ఒక్క మాట చెప్పండి. అత్యాచార బాధితురాలి ఫిర్యాదునూ, వాంగ్మూలాన్నీ మహిళా అధికారే నమోదు చేయాలని చట్టం చెబుతోంది. మెజిస్ట్రేట్ ముందు చెప్పేటప్పుడు కూడా వీలైనంతవరకు మహిళా మెజిస్ట్రేటే ఉండాలంది. ఆడపిల్లలకు ఈ పని ఎందుకు అని అందరు తల్లులూ అనుకుంటే ఆ బాధితురాలు ఎవరి ముందు నోరు విప్పాలి? కోర్టుకు వచ్చిన పద్నాలుగేళ్ల పిల్ల వరండాలో నా కొంగు పట్టుకుని వదలకపోవడం నాకు తెలుసు. ఆ చేయి పట్టుకోవడానికి మనిషి కావాలి. పెళ్లి విషయానికొస్తే, ఏపీపీది గెజిటెడ్ ఉద్యోగమా కాదా అని ఆరా తీసే సంబంధాలు వస్తాయి. కోర్టులో పనిచేసే ఆడపిల్ల మాకొద్దు అనే సంబంధం తప్పిపోతే మంచిదే, బాధపడకండి.

చివరగా ఒక చిన్న పని, సోమవారమే చేయండి. మీ సీనియర్ గారు వేసే క్రిమినల్ కేసుల వకాలత్‌నామాల్లో మీ పేరు కూడా పెట్టమని అడగండి. చాలామంది జూనియర్లు మొహమాటపడి అడగరు. తీరా ప్రాక్టీస్ సర్టిఫికెట్ కోసం వెళ్లినప్పుడు చూపించడానికి వాళ్ల పేరున్న కాగితం ఒక్కటీ ఉండదు. రెండేళ్లుగా మీ పేరు లేకుండా వెళ్లిన కేసులు ఉంటే వాటిలో ఇంకా నడుస్తున్నవాటికి మెమో వేసి చేర్పించుకోండి. తేదీలు, కేసు నంబర్లు ఒక పుస్తకంలో రాసిపెట్టుకోండి.